హైదరాబాదు నగరమున ప్రాతినిధ్య విచారము

ప్రతినిధి యను శబ్దము నేడు పండితులకు మాత్రమే తెలిసినది కాదు. అంగడివాడును, బండివాడును దానిని నోట నాడుకొనుచున్నారు. అయినను ఆ శబ్దమున కర్థ మేమి, ఎవనిని ప్రతినిధి యనవలెను, ఎంతమంది ప్రతినిధులున్న న్యాయమగును అను ప్రశ్నలు సులభములు కావు. ఈ ప్రశ్నలు హైదరాబాదు నగరమున చిరకాలము నలిగి, 1937 మొదలు 1939 వరకు జరిగిన రాజ్యాంగ సంస్కరణ విచారములో పరాకాష్ఠ నందినవి. ఆ చరిత్రను క్రమముగా పరిశీలించినచో, సభలో స్థానములెన్ని యను వివాదమునకు వెనుక మరియొక వివాదము దాగియున్నట్లు తెలియును. స్థానములను లెక్కించు కొలతను నిర్ణయించువా రెవరు? ఆ నిర్ణేతలను నియమించిన దెవరు? అసలు వివాదమిదియే.

మొదట నగర పాలనమును గూర్చి చెప్పవలెను. పాతనగరమున పురపాలక సంఘమును నేటికిని జనులు బల్దియా యందురు. పట్టణమను నర్థముగల బలద్ అను అరబ్బీ శబ్దమునుండి యీ పదము వచ్చినది. రాజధానినే సర్కారు కాగితములలో బల్దా యనుట ఆచారము. కోటగోడల లోపలి భాగమును అందరూన్ బల్దా యనియు, వెలుపలి భాగమును బేరూన్ బల్దా యనియు వ్యవహరించిరి. మొదటి సాలార్జంగు ప్రధానిగా నున్న కాలమున 1869లో నగరమునకు పురపాలన వ్యవస్థ యేర్పడెను. నగరమును నాలుగు భాగములుగను, శివారులను అయిదు భాగములుగను విభజించి పాలనమును కమీషనరు చేతి కిచ్చిరి. 1886లో శివారులు వేరొక అధికారి క్రిందకు పోయి, చాదర్‌ఘాట్ ప్రత్యేక పురపాలక సంఘమాయెను. ఇట్లు మూసీనది యిరువైపుల రెండు పురపాలక సంఘములు నెలకొనెను. దక్షిణమున చార్మినారు చుట్టునున్న ప్రాచీన నగరము, ఉత్తరమున రెసిడెన్సీ చెంత వెలసిన క్రొత్త పేటలు, వేర్వేరు కార్యాలయములకు పన్నులు చెల్లించుచుండెను.

ఈ వ్యవస్థలో వీధుల శుభ్రతయు, దీపములును, బాటలును ఉండెను గాని, ఆ వీధులలో వసించువాని మాటకు స్థానము స్వల్పము. సభ్యు లుండినను వారు సర్కారు నియమించినవారే. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచివేసినది. వేలకొలది జనులు మృతినొందిరి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద నివారణోపాయములను సూచించెను. 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడి ఇరుకు పేటలను తొలగించి బాటలను వెడల్పు చేసినది. పత్తర్‌గట్టి రాతికట్టడములు ఆ కృషి ఫలమే. ఉస్మాన్ సాగరు 1920లోను, హిమాయత్ సాగరు 1927లోను పూర్తియయ్యెను. ఈ కార్యముల గొప్పతనమును ఎవరును కాదనరు. కాని యే పేట తొలగవలెను, ఏ పేట నిలువవలెను అని నిశ్చయించిన మండలిలో, తొలగింపబడిన ఇంటివాడు ఎన్నుకొన్న మనుష్యు డొక్కడును లేడు. మేలుచేయు పాలనము వేరు, ప్రతినిధులతో కూడిన పాలనము వేరు అను భేద మిచ్చట స్పష్టమగుచున్నది.

1933లో రెండు పురపాలక సంఘములు నొక్కటియై, శాసనముచే హైదరాబాదు నగరపాలక సంఘముగా రూపొందెను. 1934లో ఎన్నికలు జరిగెను. ఓటుహక్కు అందరికిని లేదు. ఎన్నికైనవారి సరసన సర్కారు నియమించినవారును కూర్చుండిరి. అయినను పాతనగరపు గృహస్థుడు తన తరఫున మాటలాడువానిని తానే పేర్కొనుట అప్పు డారంభమాయెను. ఆ యధికారమును స్థిరముగా నిలువలేదు. 1942లో నగరపాలక సంఘమునకు ఆ హోదా తొలగింపబడెను. ఇచ్చినవాడు తీసికొనగల హక్కు ఎంతవరకు హక్కు అను సందేహము నాటివారికి కలుగుట సహజమే.

నగరమున కిట్లుండ, సంస్థాన శాసనసభ కథయు దీనికి భిన్నముగా లేదు. 1893లో ఏర్పడిన శాసనసభలో అధికారులే అధికసంఖ్యాకులు. జాగీర్దారులును, ఉన్నత న్యాయస్థానపు వకీళ్లును తమవారిని కొందరిని పంపుట కవకాశ ముండెను. 1919లో కార్యనిర్వాహక మండలి యేర్పడిన పిమ్మట శాసనసభను విస్తరింపవలెనను తలంపు పుట్టినది. విశ్రాంత న్యాయాధీశుడగు రాయ్ బాల్ముకుంద్ ఆ విషయమును విచారించుటకు నియమింపబడెను. వారి సూచనలు ఆచరణమునకు రాలేదు. ఇట్లు రెండు దశాబ్దములు గడచెను.

ఈ నడుమ ప్రజలలో కదలిక కలిగెను. 1921 నవంబరులో వివేకవర్ధినీ నాటకశాలలో జరిగిన సంఘసంస్కార సభలో అల్లంపల్లి వేంకటరామారావు తెలుగున ప్రసంగింప నారంభింపగా, సభికులలో కొందరు అల్లరిచేసి యాతనిని మాటలాడనీయలేదు. సంస్థాన ప్రజలలో ఇంచుమించు సగముమంది భాష యది. ఆ భాషకు ఆ సభలో చెవి దొరకలేదు. ఆంధ్ర జనసంఘము పుట్టుటకు ఆ సంఘటనమే నిమిత్తమాయెను. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి యధ్యక్షతను జరిగిన ప్రథమాంధ్ర మహాసభ దాని పెరుగుదలయే. ప్రాతినిధ్యమనగా సభలో ఆసన మొక్కటే కాదు, వినబడుట యని యీ వృత్తాంతము బోధించుచున్నది.

1937 సెప్టెంబరులో నిజాము ప్రభుత్వము రాజ్యాంగ సంస్కరణ సంఘమును నియమించినది. న్యాయవాదియైన దివాన్ బహదూర్ అరవముదు అయ్యంగారు దాని కధ్యక్షుడు. కాశీనాథరావు వైద్య, మీర్ అక్బర్ అలీఖాన్ మొదలగువారు సభ్యులు. సంస్థానములోని వేర్వేరు ప్రయోజన వర్గములకు ప్రభుత్వముతో మరింత ఫలప్రదమగు సంబంధము నేర్పరచు మార్గమును సూచింపుడని సంఘమున కాజ్ఞ యాయెను. ఈ యాజ్ఞలోని పదములను శ్రద్ధతో చదువవలెను. అందు ప్రజలను మాట లేదు. ప్రయోజన వర్గములను మాట యున్నది. ప్రశ్నను కూర్చిన తీరే ఉత్తరమును సగము నిర్ణయించినది. సంఘములో హిందువులును ముస్లిములును గలరు, విద్యావంతులు గలరు, సర్కారు కొలువున లేనివారును గలరు. కాని వారిలో నొక్కనినైనను ప్రజలు పంపలేదు. న్యాయమగు ప్రాతినిధ్యమును నిర్ణయింపవలసిన సంఘమే ప్రాతినిధ్యము లేనిదై యుండెను.

సంఘము ముందు మూడు కొలతలు నిలిచినవి. మొదటిది తలల లెక్క. 1941 జనాభా లెక్కల ప్రకారము సంస్థాన జనసంఖ్య సుమారు 1 కోటి 63 లక్షలు; అందు ముస్లిములు దాదాపు ఎనిమిదింట నొకవంతు. ఈ కొలతచే చూచినచో హిందువులకు సభలో మిక్కిలి యాధిక్యము కలుగును. రెండవది మతవర్గముల లెక్క. దీనిని కోరినవారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. అల్పసంఖ్యాకుడు తలల లెక్కలో ఎల్లప్పుడు నోడిపోవును. ఎల్లప్పు డోడువానికి ఓటు వలన లాభమేమి? అని వా రడిగిరి. ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకుడు బహదూర్ యార్‌జంగు ఇంకొక మెట్టు పైకెక్కి, సంస్థాన సార్వభౌమత్వము ముస్లిము సమాజముదే యని వాదించెను. మూడవది వృత్తుల లెక్క. పట్టాదారు, కౌలుదారు, వర్తకుడు, కార్మికుడు, వకీలు, వైద్యుడు, పట్టభద్రుడు — వీరు తమ తమ వర్గములుగా తమవారిని పంపవలెనను పద్ధతి యిది. మతభేదము దీనివలన మరుగుపడునని సంఘమునకు తోచినది.

వృత్తి ప్రాతినిధ్యము హైదరాబాదున మాత్రమే పుట్టిన వింత కాదు. అదే 1937లో ఐర్లండు దేశము చేసికొన్న రాజ్యాంగమున అరువదిమంది సభ్యులుగల సెనేటు నేర్పరచి, అందు నలువదిమువ్వురిని వృత్తి విభాగముల జాబితాలనుండి ఎన్నుకొనవలెనని విధించిరి. అయితే అచ్చటి రాజ్యాంగమును ప్రజలు తమ యోట్లచే ఆమోదించిరి. ప్రజలు నేరుగా నెన్నుకొను వేరొక సభ దాని ప్రక్కన నుండెను. హైదరాబాదున అట్టి సభ లేదు. కొలత యొక్కటే యైనను, దానిని చేపట్టిన చేయి వేరు.

ఈ భేదమును తెలిసికొనుటకు మనకు దగ్గరనే ప్రాచీన నిదర్శన మొకటి కలదు. తమిళదేశమున ఉత్తరమేరూరులో చోళరాజగు మొదటి పరాంతకుని కాలమున క్రీ.శ. 919, 921 సంవత్సరములలో చెక్కించిన శాసనములలో గ్రామసభ తన ఉపసంఘముల నెట్లేర్పరచుకొనెనో వ్రాయబడియున్నది. గ్రామము ముప్పది పేటలు. ప్రతి పేటలోను అర్హుల పేర్లు ఆకులపై వ్రాసి కుండలో వేసి, ఒక బాలునిచే తీయించిరి. ఎన్నికైన ముప్పదిమందిలో పండ్రెండుగురు సంవత్సర సంఘమునకును, పండ్రెండుగురు తోటల సంఘమునకును, ఆర్గురు చెరువు సంఘమునకును పోయిరి. గడచిన మూడేండ్లలో ఆ పని చేసినవాడు తిరిగి రాకూడదు. లెక్క చెప్పనివాడును, వాని దగ్గరి బంధువులును రాకూడదు. రాజోద్యోగి సమక్షమున జరిగినను, ఈ నియమమును సభయే చేసికొన్నది. దీనిలోని లోపమును దాచరాదు. పన్ను కట్టు భూమియు, స్వంత ఇల్లును, వేదవిద్యయు గలవారికే అర్హత. తక్కినవారికి కుండలో ఆకు లేదు. లోపలివారి నడుమ పరమ న్యాయము, వెలుపలివారికి మూసిన తలుపు. అయినను కొలతను కొలువబడువారే చేసికొనుట యను ధర్మమునకు ఆ శాసనములు సాక్ష్యము.

హైదరాబాదునకు మరలుదము. సంస్కరణ సంఘము పనిచేయుచున్న కాలముననే నగరమున హిందూ ముస్లిము నాయకుల నడుమ రాజీ సంభాషణలు జరిగినవి. ఒక ప్రక్క కాశీనాథరావు వైద్య, రయ్యత్ పత్రికా సంపాదకుడు మందుముల నరసింగరావు. మరియొక ప్రక్క బహదూర్ యార్‌జంగు, అబుల్ హసన్ సయ్యద్ అలీ. ప్రజలవైపు నుండి ప్రజలే కొలత నేర్పరచుకొను ప్రయత్నముగా ఇది గుర్తింపదగినది. ఇది ఫలించియున్నచో చరిత్ర మరియొక దారి పట్టియుండునేమో. కాని శాసనసభలో స్థానముల నిష్పత్తి దగ్గర సంభాషణలు నిలిచిపోయెను. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు పుట్టుటయు, ఆ సెప్టెంబరుననే నిషేధింపబడుటయు జరిగెను. అక్టోబరులో సత్యాగ్రహ మారంభమాయెను. మాటలాడుకొను గది తలుపు మూయబడి వీధి తలుపు తెరువబడెను.

సంఘ నివేదిక 1938లో ప్రభుత్వమునకు చేరి, 1939 జూలైలో సంస్కరణలు ప్రకటింపబడెను. శాసనసభలో 85 స్థానములు. అందు 42 ఎన్నికచే, తక్కినవి నియామకాదులచే నిండవలెను. ఎన్నికలు వృత్తివర్గముల ననుసరించి జరుగును, నియోజకవర్గములు ఉమ్మడివి, కాని ఎన్నికైనవారిలో హిందువులును ముస్లిములును సమానముగా నుండవలెను. చూడుడు, మూడు కొలతలలో మొదటిది పూర్తిగా తొలగినది. మూడవది గడపగా నిలువబడినది. రెండవది ఇంటి లోపల పీట వేసికొని కూర్చున్నది. మతభేదమును మరుగుపరచుటకు తెచ్చిన వృత్తిపద్ధతిలో మతసంఖ్యయే తుది నిర్ణయమాయెను. అంతకు పైని, 42 కంటె 43 అధికము. ఎన్నికైనవా రందరును ఏకమైనను, ఎన్నికకానివారి కంటె నొక్కటి తక్కువ.

ఈ సమానత లోపల మరియొక అసమానత దాగియున్నది. హిందువులకు సగమనగా ఏ హిందువునకు? భాగ్యరెడ్డివర్మ నగరమున 1906 మొదలు ముప్పదియేండ్లు శ్రమించి, అస్పృశ్యులుగా త్రోసివేయబడినవారిని ఆదిహిందువులని పిలిపించెను. 1931 జనాభా లెక్కలలో ఆ పేరు చేరినది. ఆయన 1939లో, సంస్కరణలు ప్రకటింపబడుటకు కొన్ని మాసములు ముందే, కీర్తిశేషుడాయెను. రెండు పెద్ద వర్గములు సమముగా పంచుకొన్న పంక్తిలో, ఆ వర్గముల లోపల క్రింద కూర్చుండబెట్టబడినవారి విస్తరి ఎచ్చట? అట్లే కౌలుదారుని స్థానమున నిలుచువాడు నిజముగా దున్నువాడా, దున్నించువాడా? వర్గములనుబట్టి పంచు ప్రతి పద్ధతికిని ఈ ప్రశ్న ఎదురగును. పంపకమునకు ముందు వర్గమునకు పేరు పెట్టువాడే ఫలమును సగము నిర్ణయించుచున్నాడు.

సంస్కరణలు ప్రజలను చీల్చినవి. 1940లో మల్కాపురమున జరిగిన ఆంధ్ర మహాసభలో వీనిని అంగీకరింపవలెనా, నిరాకరింపవలెనా యని తీవ్రముగా వాదము జరిగెను. కొంచెమైనను చేతికి వచ్చినదానిని వాడుకొందమని మితవాదులును, ఇది ప్రాతినిధ్యము కాదు, దాని నీడ మాత్రమేయని తీవ్రవాదులును పలికిరి. 1941లో చిలుకూరు మహాసభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడాయెను. 1944లో భువనగిరిలో మహాసభ రెండుగా చీలెను. సంస్కరణల ననుసరించిన ఎన్నికలు యుద్ధానంతరము 1946లో గాని జరుగలేదు. వానిని స్టేట్ కాంగ్రెసు బహిష్కరించెను. ఆ సభ సమావేశమైన 1947 తరువాత ఏడాదిన్నరకే 1948 సెప్టెంబరులో నిజాము పాలనమే ముగిసెను. ఎంతో లెక్కించి కూర్చిన సభ తన్ను నమ్మువారు లేక నశించినది.

ఇచ్చట వ్యాకరణమునుండి ఒక విషయము స్మరింపదగియున్నది. పాణిని ప్రతి యను నిపాతమును ప్రతినిధి యను నర్థమున కర్మప్రవచనీయముగా చెప్పి, ఎవనికి ప్రతినిధియో ఆ శబ్దమునకు పంచమీ విభక్తిని విధించెను. ప్రద్యుమ్నుడు కృష్ణునకు ప్రతినిధి యనుటకు వైయాకరణులు చూపు ఉదాహరణమున కృష్ణశబ్దము పంచమిలో నుండును. ఈ పంచమి అపాదాన పంచమి కాదు, వేరొక సూత్రముచే వచ్చినది, రెంటిని కలుపరాదు. అయినను లోకవ్యవహారమునకు ఇందొక సూచన దొరకుచున్నది. ఎవడు ప్రతినిధి యని కర్తను చూచినంత మాత్రమున వాక్యము పూర్తికాదు. పంచమి యెవరిమీద పడినదో చూడవలెను. నియమింపబడిన సభ్యుడు విద్వాంసుడే కావచ్చును, సజ్జనుడే కావచ్చును. కాని యాతని వాక్యమున పంచమి నియమించినవానిమీద పడినది, జనులమీద పడలేదు. 1937 నాటి సంఘమునందలి దోష మిదియే గాని సభ్యుల గుణలోపము కాదు.

తరువాతి చరిత్రలో పంచమి క్రమముగా స్వస్థానమునకు వచ్చెను. 1951లో మాడపాటి హనుమంతరావు నగరమునకు ప్రథమ మేయరాయెను. 1952లో వయోజనులందరి యోటుచే 175 స్థానముల శాసనసభ యేర్పడినది. 1960లో సికిందరాబాదు నగరపాలక సంఘము హైదరాబాదుతో కలసెను. 1962లో రాణీ కుముదినీదేవి మేయరు పదవి నందిన తొలి స్త్రీ యాయెను. 1992లో పార్లమెంటు ఆమోదించి 1993లో అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము పురపాలక సభలలో షెడ్యూల్డు కులములకును తెగలకును జనసంఖ్య ననుసరించియు, స్త్రీలకు మూడింట నొకవంతునకు తక్కువ కాకుండను స్థానములను విధించినది. 1939లో సమానతకు లోపల దాగిన ప్రశ్నకు ఇది కొంత సమాధానము.

అయినను సమాధానము నోటనుండియు నాచరణము లేకపోవచ్చును. 1986లో ఎన్నికైన నగరపాలకవర్గము 1991తో ముగియగా, మరల 2002 వరకు నగరమున ఎన్నికలు జరుగలేదు. పదునొకండేండ్లు బల్దియా యధికారుల చేతిలో నుండెను. చార్మినారు వీధులలో ఎవరికెన్ని స్థానములను వాదమునకైనను తావు లేకపోయెను. నిష్పత్తి ఎంత న్యాయముగా నున్నను, సభ యనునది కూడనిచో ఆ న్యాయ మెవరికి?

కావున ప్రాతినిధ్య న్యాయమును విచారించువారు మూడు ప్రశ్నలను క్రమముగా నడుగవలెను. సభ కలదా? కొలతను చేసినవారిని ఎవరు పంపిరి? ఆ పిమ్మటనే, ఎవరికెన్ని? హైదరాబాదు సంస్థానమున మూడవ ప్రశ్నతో నారంభించి రెండవదానిని విడిచిరి. అందుచే 85 స్థానముల లెక్క సరిపోయినను జనుల మనస్సు సరిపోలేదు. తమ తమ నగరములందును, సంఘములందును, చిన్న చిన్న ఉపసంఘములందును సభ్యులను నిర్ణయించువారు దీనిని గుర్తింతురు గాక.